నాలుగు గళ్ల నోటీసు బోర్డు: ఈమధ్య యూనివర్సిటీ పరిశోధనల్లో ఏవి పెట్టమంటారు?

చరిత్ర_టీచరమ్మ | ఆదివారం ఉదయం 10:05

అందరికీ నమస్కారం. ఖమ్మంలో మా జూనియర్ కాలేజీ మెట్ల పక్కన ఒక నోటీసు బోర్డు ఉంది. ఫీజు గడువు కాగితాలు తప్ప దాని మీద ఏనాడూ ఏమీ ఉండవు. ప్రిన్సిపాల్ గారు దాన్ని నాకు అప్పజెప్పారు. చాక్‌పీసుతో నాలుగు గళ్లు గీశాను: చరిత్ర-సాహిత్యం, రసాయనం, వైద్యం, మెటీరియల్స్. ఒక్కో గడిలో ఈమధ్య యూనివర్సిటీల్లో నిజంగా జరిగిన పరిశోధన ఒక్కటి రాయాలి.

రెండు షరతులు. వాట్సాప్ ఫార్వర్డ్ సరుకు వద్దు. మా అమ్మకి చదివి వినిపిస్తే "అయితే ఏంటంట?" అనకూడదు. అలా అనడంలో ఆవిడ దిట్ట.

తాటాకు | ఆదివారం ఉదయం 10:40

మొదటి గడి నాకు వదిలెయ్యండమ్మా. హెర్క్యులేనియం చుట్టలు.

క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు పాంపేతో పాటు హెర్క్యులేనియం కూడా పూడిపోయింది కదా. అక్కడ ఒక బంగళాలో పెద్ద గ్రంథాలయం ఉండేది. 1750ల్లో తవ్వినవాళ్లకి వందల కొద్దీ పపైరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన పాతకాలపు కాగితం) చుట్టలు దొరికాయి. మొదట్లో వాటిని బొగ్గులనుకున్నారు, కొన్ని పారేశారు కూడా. విప్పబోతే పొడైపోయేవి.

కెంటకీ యూనివర్సిటీలో బ్రెంట్ సీల్స్ అనే ఆయన చుట్టని విప్పకుండానే ఎక్స్‌రేలతో స్కాన్ చేసి, కంప్యూటర్లో పొర పొరా విప్పే పని మీద ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్నాడు. చిక్కు ఎక్కడంటే, ఆ సిరా మసితో చేసింది. పపైరస్ కూడా బొగ్గైపోయింది. బొగ్గు మీద బొగ్గుతో రాస్తే ఎక్స్‌రేకి మాత్రం ఏం తేడా తెలుస్తుంది?

2023లో ఆ స్కాన్లన్నీ అందరికీ తెరిచి, చదివినవాళ్లకి బహుమతులు ప్రకటించారు. కేసీ హాండ్మర్ అనే ఆయన తెర మీద వాటిని గంటల తరబడి చూసి, కొన్నిచోట్ల ఎండిన చెరువులో మట్టి బీటల్లాంటి గరుకు ఉందని పట్టుకున్నాడు. సిరా ఉన్నచోటే ఆ బీటలు. నెబ్రాస్కా యూనివర్సిటీలో చదువుకునే 21 ఏళ్ల ల్యూక్ ఫారిటర్ ఆ గుర్తునే కంప్యూటర్‌కి నేర్పించాడు. 2023 అక్టోబరులో తొలి మాట బయటపడింది. గ్రీకులో "పోర్ఫిరాస్". అంటే ఊదారంగు.

నేను పదకొండేళ్లు తాళపత్రాల కేటలాగు పని చేశాను. మన తాటాకు మీద అక్షరం గంటంతో గీసిన గాడి. రాశాక మసి పూసి తుడిస్తే గాడిలో మసి నిలుస్తుంది. ఏళ్లు గడిచి ఆ మసి రాలిపోయినా గాడి ఎక్కడికీ పోదు. ఆకుని ఏటవాలుగా పట్టుకుని పక్కనుంచి టార్చి వేస్తే అక్షరం లేచి కూర్చుంటుంది. నలుపు కోసం కాకుండా గరుకు కోసం వెతకడం మాకు రోజూ ఉండే పనే. అందుకే ఆ బీటల సంగతి చదవగానే నాకు ఒళ్లు జలదరించింది.

చరిత్ర_టీచరమ్మ | ఆదివారం ఉదయం 11:15

తాటాకు గారూ, అద్భుతం! మరి లోపల ఏముందండీ? అమ్మ అడిగే మొదటి ప్రశ్న అదే.

తాటాకు | ఆదివారం ఉదయం 11:31

2024 ఫిబ్రవరిలో ఫారిటర్‌తో పాటు యూసఫ్ నాదర్, జూలియన్ షిలిగర్ అనే మరో ఇద్దరు కుర్రాళ్లు కలిసి పదిహేను నిలువు వరుసలు, రెండు వేలకు పైగా అక్షరాలు బయటికి తీశారు. ముగ్గురికీ కలిపి ఏడు లక్షల డాలర్లు. రాసింది ఎపిక్యురస్ అనే గ్రీకు తత్వవేత్త మార్గంలో నడిచిన ఫిలోడెమస్ అని పండితుల అంచనా. సంగీతం, తిండి, సుఖం, వీటి మీద చర్చ. తక్కువగా దొరికే వస్తువు ఎక్కువ సుఖాన్నిస్తుందా అని ఒకచోట తర్కిస్తాడు. 2025లో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉన్న ఇంకో చుట్ట పేరు కూడా చదివారు. "దుర్గుణాల గురించి". అదీ ఫిలోడెమస్‌దే.

చరిత్ర_టీచరమ్మ | ఆదివారం మధ్యాహ్నం 12:02

అమ్మకి చెప్పాను. "అగ్నిపర్వతం కింద రెండు వేల ఏళ్లు ఉండి కూడా తిండి గోలేనా" అంది. పాసైనట్టే లెక్క.

డల్లాస్_మామయ్య | ఆదివారం మధ్యాహ్నం 12:20

ఒక సందేహం అమ్మాయ్. స్కాన్ చేసింది ఫిజిక్స్ వాళ్లు, చదివింది కంప్యూటర్ కుర్రాళ్లు. దీన్ని చరిత్ర గడిలో ఎలా వేస్తావు?

తాటాకు | ఆదివారం మధ్యాహ్నం 12:26

బయటపడ్డ అక్షరాల్ని మాటలుగా కూర్చి, విరిగిన చోట ఏముండొచ్చో చెప్పింది గ్రీకు చదువుకున్నవాళ్లు సార్. వాళ్లు లేకపోతే అవి ఒట్టి గీతలు. నా గడి నాకు కావాలి.

ఫార్వర్డ్_బాబ్జీ | ఆదివారం మధ్యాహ్నం 1:10

మెటీరియల్స్ గడిలో నాది రాసుకోండి! కొరియా వాళ్లు మామూలు గది వేడిలో కరెంటు నష్టం లేకుండా పారే పదార్థం కనిపెట్టారు. ఎల్‌కే-99. ఇంక కరెంటు బిల్లులు ఉండవు!!

రసాయనం | ఆదివారం మధ్యాహ్నం 1:24

బాబ్జీ అన్నా, అది 2023 జులై ముచ్చట. నెల తిరగకముందే అయిపోయింది. మన ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీతో సహా చాలా చోట్ల అదే పదార్థం చేసి చూశారు. సూపర్‌కండక్టర్ కాదని తేలింది. తయారీలో కలిసిన కాపర్ సల్ఫైడ్ అనే మలినం 104 డిగ్రీల దగ్గర రూపం మారుతుంది, అప్పుడు దాని నిరోధం అమాంతం పడిపోతుంది. కొరియా వాళ్ల గ్రాఫులో కనిపించిన పతనం దానిదే. ఇలినాయ్ యూనివర్సిటీలో ప్రశాంత్ జైన్ అనే రసాయనవేత్త, 104 అనే అంకె చూడగానే అనుమానపడ్డారు. ఆ మలినం మీద ఆయన ముందే పని చేసి ఉన్నారు.

నన్నడిగితే ఈ కథ కూడా బోర్డు మీద పెట్టొచ్చు. పరిశోధన తప్పని తేల్చడమూ పరిశోధనే కదా.

ఫార్వర్డ్_బాబ్జీ | ఆదివారం మధ్యాహ్నం 1:30

మా బావమరిది గ్రూపులో నిన్ననే వచ్చింది బ్రో 😐

మేస్త్రీ_గారబ్బాయి | ఆదివారం సాయంత్రం 6:48

సైట్ నుంచి ఇప్పుడే వచ్చిన. టీచరమ్మా, మెటీరియల్స్ గడికి రోమన్ల కాంక్రీటు రాయండి.

రోమ్‌లో పాంథియాన్ గుడి గోపురం చూడండి. 43 మీటర్ల వెడల్పు, లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు, కట్టి పంతొమ్మిది వందల ఏళ్లు. మా కాంట్రాక్టర్ వేసిన స్లాబు పన్నెండేళ్లకే పెచ్చులూడింది (పేరు చెప్పను, ఇంకా జీతం రావాలి). ఈ తేడా ఎందుకు?

పాత రోమన్ కాంక్రీటు ముక్కని దగ్గరగా చూస్తే మధ్య మధ్యన తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. చిన్న చిన్న సున్నం గడ్డలు. అవి సరిగ్గా కలపక మిగిలినవని ఇన్నాళ్లూ అనుకున్నారు. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో అద్మిర్ మాసిచ్ అనే ప్రొఫెసర్‌కి ఆ మాట మింగుడు పడలేదు. ఏ అగ్నిపర్వతం బూడిద వాడాలో, ఎక్కడి నుంచి తేవాలో అంత పట్టింపుగా చూసుకున్నవాళ్లు కలిపే దగ్గర మాత్రం చేతులెత్తేస్తారా? ఇటలీలో ప్రివెర్నమ్ అనే పాత ఊరి గోడ నుంచి ముక్క తీసి పరీక్షించారు. 2023 జనవరిలో ఫలితం వచ్చింది. ఆ గడ్డలు ఎక్కువ వేడిలో ఏర్పడినవి. అంటే రోమన్లు పొడి సున్నాన్ని ముందు నీళ్లలో చల్లార్చకుండా, నేరుగా బూడిదలో కలిపి ఆ తర్వాత నీళ్లు పోసేవాళ్లు. మొత్తం ముద్ద కుతకుతలాడుతూ కలిసేది.

అసలు సంగతి ఇంకా ఉంది. గోడ బీటిచ్చినప్పుడు ఆ బీట ఈ గడ్డల మీదుగానే పోతుంది, అవి పెళుసు కాబట్టి. వాన నీళ్లు దిగితే గడ్డలోని కాల్షియం కరిగి, బీటలోనే మళ్లీ గట్టిపడి దాన్ని పూడుస్తుంది. వాళ్లు ల్యాబులో రెండు రకాల దిమ్మెలు చేసి, పగలగొట్టి నీళ్లు పారించారు. పొడి సున్నంతో చేసినదాంట్లో రెండు వారాలకి నీళ్లు కారడం ఆగిపోయింది. పొడి సున్నం లేని రెండో రకంలో కారుతూనే ఉన్నాయి.

రసాయనం | ఆదివారం సాయంత్రం 7:05

ఒక చిన్న ముచ్చట కలుపుతా. రోమన్లు వాడిన ఆ బూడిద నేపుల్స్ పక్కన పోజువోలి అనే ఊరిది. ఆ ఊరి పేరు మీదే "పోజొలానా" అనే మాట పుట్టింది. మీ వీధిలో సిమెంటు కొట్టుకెళ్లి పీపీసీ బస్తా మీద చదవండి. పోర్ట్‌ల్యాండ్ పోజొలానా సిమెంట్. అందులో అగ్నిపర్వతం బూడిదకి బదులు థర్మల్ స్టేషన్ బొగ్గు బూడిద వేస్తారు.

మేస్త్రీ_గారబ్బాయి | ఆదివారం సాయంత్రం 7:11

అబ్బ, ఇన్నేళ్ల నుంచి ఆ బస్తాలు దించుతున్నా, ఆ "పీ" ఏంటని ఎవర్నీ అడగలే. మాది పాల్వంచ. బట్టలు ఆరేస్తే బూడిద పడే ఊరు.

డల్లాస్_మామయ్య | ఆదివారం రాత్రి 8:15

చూశారా! పాతకాలం వాళ్ల తెలివే వేరు. ఇప్పటి సిమెంటు అంతా దండగ.

మేస్త్రీ_గారబ్బాయి | ఆదివారం రాత్రి 8:32

అంత మాట అనొద్దు మామయ్యా. రోమన్లు ఇనుము వేయలేదు, బరువు కిందికి నొక్కేట్టుగా కమానులు, గోపురాలు కట్టుకున్నారు. మన ఇంటి స్లాబుకి వంగే గుణం కావాలి, అందుకు చువ్వలు కావాలి. ఆ చువ్వ తుప్పుపట్టి ఉబ్బితేనే పెచ్చులూడతాయి. మెట్రో పిల్లరు రోమన్ పద్ధతిలో కట్టలేం. అదీగాక, కూలిపోయిన రోమన్ ఇళ్లు ఈరోజు మనకి కనిపించవు కదా, నిలిచినవే కనిపిస్తాయి.

ఈ పరిశోధన ఎందుకు పనికొస్తదంటే, ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు ఎనిమిది శాతం సిమెంటు తయారీదే. కట్టింది రెండింతల కాలం నిలిస్తే మళ్లీ కట్టే పని తగ్గుతుంది.

ఇంకోటి. ఇదంతా మా నాయనకి చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు. ఆయన మేస్త్రీ, మా తాత డంగు సున్నం చేసేవాడు. గుండ్రటి గాడిలో సున్నం, ఇసుక పోసి, ఎద్దుతో రాతి చక్రం తిప్పించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తూ వెన్నలా రుబ్బేవాళ్లు. "ఒక్క గడ్డ చేతికి తగిలినా మీ తాత తట్ట మొత్తం తిరగబోయించేవాడు. గడ్డ ఉంటే నాలుగు నెలలకి గోడ మీద పొక్కులు లేస్తయి. మీ ప్రొఫెసర్ని అడుగు" అన్నాడు. నాకు జవాబు తెలియలే.

రసాయనం | ఆదివారం రాత్రి 9:20

మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం అన్నా. చల్లారని సున్నం గోడకెక్కాక తేమ తగిలి ఉబ్బుతుంది, పైపొరని తోసేస్తుంది. గిలాబు వేలెడు మందం కూడా ఉండదు కాబట్టి పొక్కు లేస్తుంది. రోమన్ గోడ మూరల మందం. పైగా వేడివేడిగా కలిపేటప్పుడే ఆ ఉబ్బడం చాలామటుకు అయిపోతుంది. తాతగారిది గిలాబు లెక్క, వాళ్లది గోడ కడుపు లెక్క అనుకుంటున్నా.

నైట్‌డ్యూటీ | సోమవారం తెల్లవారుజాము 3:40

డ్యూటీలో ఉన్నాను. పిల్లల వార్డు. కాస్త ఖాళీ దొరికింది కాబట్టి వైద్యం గడి నేను నింపుతా.

2025 మే నెలలో వచ్చింది. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి, పెన్సిల్వేనియా యూనివర్సిటీ కలిసి చేశాయి. ఒక పసిబిడ్డకి పుట్టుకతోనే సీపీఎస్-1 అనే ఎంజైమ్ లోపం. మనం తిన్న ప్రొటీన్ అరిగినప్పుడు అమ్మోనియా పుడుతుంది, లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలో పంపించేస్తుంది. ఆ ఎంజైమ్ లేకపోతే అమ్మోనియా రక్తంలో పేరుకుని మెదడుని దెబ్బతీస్తుంది. తల్లిపాలలో ఉన్న ప్రొటీన్ కూడా ఆ బిడ్డకి ప్రమాదమే. పదమూడు లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. ఇప్పటిదాకా ఉన్న దారి లివర్ మార్పిడి.

డాక్టర్ రెబెకా ఆరెన్స్-నిక్లస్, డాక్టర్ కిరణ్ ముసునూరు బృందం ఆ బిడ్డ జన్యువులో తప్పున్న ఒక్క అక్షరాన్ని దిద్దే మందు తయారుచేశారు. ఆ ఒక్క బిడ్డ కోసమే. ఆరు నెలల్లో. కొవ్వు బుడగల్లో పెట్టి నరంలోకి ఎక్కిస్తే అది లివర్‌కి చేరుతుంది. మొదటి డోసు 2025 ఫిబ్రవరిలో, మొత్తం మూడు. తర్వాత బిడ్డ ఇంతకుముందు కంటే ఎక్కువ ప్రొటీన్ తట్టుకోగలిగాడు, మందులు తగ్గించారు. "నయమైపోయింది" అని మాత్రం రాయకండి టీచర్ గారూ. వాళ్లు కూడా ఆ మాట అనలేదు. ఏళ్ల తరబడి చూడాలి.

ఫార్వర్డ్_బాబ్జీ | సోమవారం ఉదయం 7:15

ముసునూరు అంటే మన ఏలూరు జిల్లాలో ఊరు కదా! మనోడే!! ఇది బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయాలి.

నైట్‌డ్యూటీ | సోమవారం ఉదయం 7:50

బాబ్జీ గారూ, ఆయన ఏ ఊరి మూలాల వారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పెద్దక్షరాల్లో రాయాలంటే ఇది రాయండి: ఈ జబ్బు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు తప్పు జన్యువులూ కలిస్తేనే వస్తుంది. మేనరికాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. మనకి సంబంధం ఉన్న సంగతి అదీ.

గుమ్మడిపువ్వు | సోమవారం ఉదయం 9:05

నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదువుతాను అంతే. మా పెద్దమ్మ మనవడు ఇలాంటి జబ్బుతోనే పోయాడు. పుట్టిన మూడో రోజుకి పాలు మానేసి మత్తుగా పడుకున్నాడు. మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. అమ్మోనియా పరీక్ష చేయాలని ఎవరికో తట్టేసరికి నాలుగు రోజులు గడిచాయి. మేనరికమే. అక్క ఇప్పటికీ తన పాల వల్లే అయిందనుకుంటుంది.

నైట్‌డ్యూటీ | సోమవారం ఉదయం 9:22

పాల తప్పు కాదు తల్లీ, ఆవిడ తప్పు అంతకంటే కాదు. దయచేసి అక్కకి ఈ మాట చెప్పండి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ముందుగా జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్లమనండి. మా దగ్గరా ఈ పరీక్ష అంత తేలిక కాదు. రక్తం తీసిన వెంటనే ఐసులో పెట్టి ల్యాబుకి పరుగెత్తాలి, ఆలస్యమైతే అంకె తప్పు చూపిస్తుంది. కానీ మత్తుగా ఉన్న పసిబిడ్డని చూసినప్పుడు "అమ్మోనియా చూశారా?" అని ఎవరో ఒకరు అడగాలి.

చరిత్ర_టీచరమ్మ | సోమవారం మధ్యాహ్నం 1:30

గుమ్మడిపువ్వు గారూ, ఏం రాయాలో తెలియడం లేదు. రాసినందుకు థాంక్స్ అమ్మా. వైద్యం గడిలో మేనరికం సంగతి తప్పకుండా ఉంటుంది. మా క్లాసులో ఇద్దరు ఆడపిల్లలకి బావలతో పెళ్లి మాటలు నడుస్తున్నాయి.

రసాయనం | సోమవారం సాయంత్రం 5:45

ఇంక నా గడే మిగిలింది. 2025 కెమిస్ట్రీ నోబెల్. క్యోటో యూనివర్సిటీ సుసుము కితగావా, మెల్‌బోర్న్ యూనివర్సిటీ రిచర్డ్ రాబ్సన్, అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీ ఒమర్ యాగీ.

1974లో రాబ్సన్ క్లాసులో పిల్లలకి అణువుల నమూనాలు చూపించడానికి చెక్క బంతులు చేయించాలనుకున్నారు. ఏ పరమాణువుకి ఏ కోణంలో బంధం వస్తుందో చూసి బంతికి చిల్లులు పెట్టించాలి. చిల్లులు సరైన చోట ఉంటే పుల్లలు గుచ్చగానే ఆకారం దానంతట అదే వస్తోంది. నిజం అణువులతో కూడా ఇలా కట్టొచ్చా అనే ఆలోచన అప్పుడే పుట్టింది. కాగితం మీదికి ఎక్కింది 1989లో. మధ్యలో పదిహేనేళ్లు!

లోహపు పరమాణువులు మూలల్లో, కర్బన అణువులు కడ్డీలుగా, లోపలంతా ఖాళీ గదులు. తేనెపట్టు లాంటి స్ఫటికం. వీటినే ఎంఓఎఫ్‌లు (మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్‌లు) అంటారు. మొదట్లో చేసినవి తొందరగా కూలిపోయేవి, ఎందుకూ పనికిరావని పెదవి విరిచారు. 1997లో కితగావా ఆ గదుల్లోకి గ్యాసులు వచ్చిపోయేలా చేసి చూపించారు. 1999లో యాగీ చేసిన ఎంఓఎఫ్-5 మూడొందల డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరలేదు. అది రెండు గ్రాములు తీసుకుని లోపలి గోడలన్నీ పరిస్తే ఒక ఫుట్‌బాల్ మైదానమంత అవుతుంది.

యాగీ బృందం అరిజోనా ఎడారిలో రాత్రిపూట గాలిలోని తేమని ఇలాంటి పదార్థంలోకి పీల్పించి, పగలు ఎండ వేడికి వదిలించి, నీళ్లు పట్టింది. ఆయన జోర్డాన్‌లో పాలస్తీనా శరణార్థుల కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు ఇల్లంతా ఒకే గది, పశువులూ అందులోనే.

డల్లాస్_మామయ్య | సోమవారం సాయంత్రం 6:10

అనంతపురంలో మా చెల్లెలికి రెండు బిందెలు పట్టిస్తావా అల్లుడూ?

రసాయనం | సోమవారం సాయంత్రం 6:14

ఇప్పటికైతే గ్లాసుల లెక్కే మామయ్యా, బిందెల దాకా రాలేదు. ధర సంగతి అడగొద్దు.

చరిత్ర_టీచరమ్మ | సోమవారం రాత్రి 8:40

పిల్లలకి పొడి సున్నం మీద నీళ్లు పోసి ఆ పొగలు చూపిద్దామని ఉంది. బకెట్‌లో చేయొచ్చా?

నైట్‌డ్యూటీ | సోమవారం రాత్రి 8:44

వద్దండీ! మరీ పిల్లల చేతికి అసలు ఇవ్వొద్దు. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కిళ్లీ సున్నం ప్యాకెట్ నొక్కి కళ్లు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. చేసే తీరాలంటే చేయి తిరిగినవాళ్లు చేయాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, పిల్లలు దూరంగా నిలబడాలి. పక్కన పారే కుళాయి ఉండాలి.

మేస్త్రీ_గారబ్బాయి | సోమవారం రాత్రి 9:30

చేయి తిరిగినాయన మా ఇంట్లోనే ఉన్నడు. అడిగితే వస్తానన్నడు.

ఈరోజు ఇంకో సంగతి జరిగింది. 2025 చివర్లో మాసిచ్ బృందమే పాంపేలో పని మధ్యలో ఆగిపోయిన ఒక ఇంటి మీద పేపరు వేసింది. సగం కట్టిన గోడలు, పనిముట్లు, పొడి సున్నం బూడిదలో కలిపి నీళ్లు పోయడానికి సిద్ధంగా పెట్టిన కుప్ప, అన్నీ అట్లనే ఉన్నయి. రోమన్ పుస్తకాల్లో సున్నం ముందు చల్లార్చాలని ఉంది, ఇక్కడ చూస్తే పొడిదే కలిపి ఉంది. ఆ ఫొటో నాయనకి ఫోన్లో చూపించిన. పెద్దది చేసి చాలాసేపు చూసిండు. కుప్ప వాలు చూసి "చేయి మంచిదే, పారతో ఇద్దరు కలిపిన్రు" అన్నడు. తర్వాత అడిగిండు, "మరి వాళ్లకి ఆ వారం కూలి ముట్టిందా?"

చరిత్ర_టీచరమ్మ | సోమవారం రాత్రి 9:41

నాన్నగారిని బుధవారం పది గంటలకి తీసుకురండి. పాల్వంచ నుంచి బస్సు చార్జీ, భోజనం ప్రిన్సిపాల్ గారి ఖాతాలో. మా అమ్మ కూడా వస్తానంటోంది.